మైసూరు జావాకు పాత రూపం: ఆటోనగర్ వర్క్‌షాపు పనితనంపై ఒక సమీక్ష

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లను దాటి లోపలికి వెళితే, లేత్ మిషన్ల సందులో పాత జావా, యెజ్డీ మోటారు సైకిళ్లను మాత్రమే పనికి తీసుకునే చిన్న వర్క్‌షాపు ఒకటి ఉంది. ఒప్పుకున్న బండ్లు పూర్తి చేయడానికే తీరిక దొరకడం లేదని, పేరు బయటికి వస్తే వచ్చినవారికి కుదరదని చెప్పడం కష్టమవుతుందని మేస్త్రీ కోరడం వల్ల షాపు పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. పేరు లేని సమీక్ష వల్ల ప్రయోజనం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. పాత బండిని మొదటి రూపానికి తెస్తామని చెప్పే షాపులు ఇప్పుడు పెద్ద ఊళ్లన్నిటిలోనూ ఉన్నాయి; వాటిలో ఏది నిజంగా ఆ పని చేస్తుందో, ఏది కొత్త రంగు కొట్టి పంపించేస్తుందో తేల్చుకోవడానికి ఏయే చోట్ల చూడాలో ఈ ఒక్క బండి మీద జరిగిన పనిని బట్టి చాలావరకు తెలుస్తుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇంజిను పనికి పూర్తి మార్కులు, కరెంటు పనికి దాదాపు అంతే, రంగుకు సగం, గడువుకు సున్నా. ఈ షాపు గొప్పతనమంతా దేనిని ముట్టుకోకుండా వదిలేయాలో తెలియడంలో ఉంది. కంటికి నచ్చాలన్న ఆత్రం ఎక్కడ వచ్చిందో అక్కడే పని దెబ్బతింది.

బండి మా మేనమామది. 1967లో కర్నూలు జిల్లాలో రిజిస్టరైన జావా 250. మైసూరులోని ఐడియల్ జావా కంపెనీ చెకోస్లోవేకియా జావా వారి లైసెన్సుతో 1960లలో తయారుచేసిన 353 రకం బండ్లలో ఇది ఒకటి. సిలిండరు ఒక్కటే అయినా పొగ బయటికి పోయే దారులు రెండు, సైలెన్సర్లు రెండు. బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 65 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75 మి.మీ., టూ స్ట్రోక్ ఇంజిను, నాలుగు గేర్లు. కిక్ రాడ్డు, గేరు రాడ్డు ఒకటే కావడం దీని ప్రత్యేకత: ఎడమవైపున్న ఆ రాడ్డును లోపలికి నొక్కి పైకి లేపితే కిక్ కొట్టవచ్చు, స్టార్టయ్యాక దానిని మళ్లీ కిందికి దించితే గేరు రాడ్డు అవుతుంది, పైగా గేరు వేసేటప్పుడు ఆ రాడ్డు కదలికకే క్లచ్ విడుతుంది కనుక చేతి క్లచ్ పట్టకుండానే గేర్లు మార్చవచ్చు. కర్ణాటక సరిహద్దు కావడం వల్లనేమో, అనంతపురం, కర్నూలు, బళ్లారి ప్రాంతాల్లో ఒకప్పుడు ఈ బండ్లు విరివిగా తిరిగేవి. 1970ల తొలినాళ్లలో కంపెనీ బండి పేరును యెజ్డీగా మార్చింది, 1978లో రోడ్‌కింగ్ తెచ్చింది, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. 2018లో క్లాసిక్ లెజెండ్స్ సంస్థ జావా పేరుతో మళ్లీ బండ్లు తెచ్చినా అవి 293 సీసీ, లిక్విడ్ కూలింగ్ ఉన్న ఫోర్ స్ట్రోక్ బండ్లు. రెండు సైలెన్సర్లతో చూపుకు పాత ఛాయ ఉన్నా వాటి ఇంజిను సామాను దీనికి ఏమాత్రం పనికిరాదు.

పాత జావాలతో ఉన్న అసలు చిక్కు తుప్పు కాదు, కలగాపులగమైన సామాను. తరువాత వచ్చిన యెజ్డీల భాగాలు చాలావరకు వీటికి అమరుతాయి కనుక, ముప్పై నలభై ఏళ్ల పాటు ఏ ఊరి మెకానిక్కుకు ఏది దొరికితే అది బిగించుకుంటూ పోయాడు. మా బండికి యెజ్డీ సైలెన్సర్లు, వేరే బండి హ్యాండిలు, బండితో వచ్చిన జికోవ్ కార్బురేటర్ తీసేసి పెట్టిన మరో కార్బురేటర్, కరెంటు పుట్టించే 6 వోల్టుల డైనమో పక్కన పడేసి అతికించిన 12 వోల్టుల ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్నాయి. ఆనాటి మెకానిక్కులను తప్పుపట్టడానికి లేదు. బండి మరునాడు పొలానికి వెళ్లాలి, అందుకు కావలసింది చేశారు. మేలు ఏమిటంటే మా మామయ్య పారేయడం తెలియని మనిషి, విప్పిన ప్రతి పాత సామానునూ గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టారు. ఆ సంచిని వర్క్‌షాపు బల్ల మీద గుమ్మరించినప్పుడు మేస్త్రీ ముఖంలో కనిపించిన సంతోషం బండిని చూసినప్పుడు కనిపించలేదు.

షాపు మీద నమ్మకం కలగడానికి మొదటి కారణం ఆయన అడిగిన మొదటి ప్రశ్న. బండి ఏ రంగు కావాలని కాక, కాగితాలు ఉన్నాయా అని అడిగారు. ఆర్సీలో ఉన్న ఇంజిను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో సరిపోల్చుకున్నాకే పని ఒప్పుకున్నారు. నంబర్లు కలవని బండిని, కాగితం లేని బండిని తీసుకోరు. పగిలిన క్రాంక్‌కేసు (ఇంజిను నంబరు ఉండే కింది పెట్టె) మార్చి దాని మీద పాత నంబరు కొట్టి ఇమ్మని అడిగినవారిని వెనక్కి పంపించేస్తారు. అది నేరమన్న సంగతి అందరికీ తెలిసిందే అయినా ఈ వ్యాపారంలో దానిని పాటించేవారు తక్కువ. ఆ తరువాత బండిని విప్పుతూ ప్రతి దశలోనూ ఫొటోలు తీసి, విప్పిన బోల్టులను ఏ చోటివి ఆ చోటికి వేర్వేరు డబ్బాల్లో వేసి, డబ్బా మీద మార్కరుతో తెలుగులో రాసి పెట్టారు. కొత్త బోల్టులు వేస్తే సులువు కదా అన్నాను. "కొత్తవి పది రూపాయలకు దొరుకుతాయండి, కానీ వాటి తల మీద పాత మార్కు ఉండదు. అరిగిపోనిదాన్ని ఎందుకు పారేయాలి సార్?" అన్నారు. దెబ్బతినని పాత బోల్టులన్నిటికీ జింకు పూత వేయించి తిరిగి బిగించారు.

ఇక ఇంజిను. టూ స్ట్రోక్ ఇంజినులో పిస్టన్ పైన జరిగే పని ఎంతో కింద క్రాంక్‌కేసులో జరిగేదీ అంతే. కార్బురేటర్ నుంచి వచ్చిన పెట్రోలు, గాలి మిశ్రమం మొదట క్రాంక్‌కేసులోకే వెళుతుంది, పిస్టన్ దిగేటప్పుడు అక్కడ ఒత్తిడికి లోనై సిలిండరులోకి ఎక్కుతుంది. అందువల్ల క్రాంక్‌కేసు గాలి చొరని గది కావాలి. పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే క్రాంకు రెండు చివర్లలో ఉండే ఆయిల్ సీళ్లే దానికి తలుపులు. కుడివైపు డైనమో దగ్గరి సీలు పోతే అటునుంచి గాలి లోపలికి లాగుతుంది, మిశ్రమం పలచబడి ఇంజిను వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. ఎడమవైపు క్లచ్ దగ్గరి సీలు పోతే గేరు ఆయిల్‌ను పీల్చుకుని తెల్లటి పొగ కక్కుతుంది. ఊళ్లలో చాలా జావాలకు "ఆయిల్ తాగే బండి" అన్న పేరు రావడానికి కారణం వంద రూపాయల ఆ రబ్బరు ముక్కే. అది మార్చాలంటే ఇంజినంతా విప్పాలి కనుక ఎవరూ దాని జోలికి పోయేవారు కాదు.

మా బండిలో పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు పెద్దవైపు బేరింగు అరిగి, చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తే టక్కుమని కదిలేది. జావా క్రాంకు ఒకే ముక్కగా పోసినది కాదు; రెండు ఫ్లైవీళ్ల మధ్య క్రాంక్ పిన్నును ప్రెస్సుతో దిగ్గొట్టి కూర్చినది. ఆ పిన్ను తీసి, కొత్త రాడ్డు, బేరింగు వేసి మళ్లీ ప్రెస్సు చేయడం ఎవరైనా చేస్తారు. చేశాక ఆ రెండు ఫ్లైవీళ్లు ఒకే కేంద్రం మీద తిరిగేలా సరిచేయడంలోనే పనిమంతుడు తెలుస్తాడు. ఇక్కడ లేత్ సెంటర్ల మధ్య క్రాంకును బిగించి, షాఫ్టు మీద వంకరను ముల్లుతో చూపే డయల్ గేజి ఆనించి, నెమ్మదిగా చేత్తో తిప్పుతూ, ముల్లు ఎక్కువ కదిలిన చోట సుద్దముక్కతో గీత పెట్టి, రాగి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, మళ్లీ తిప్పి చూసేవారు. మధ్యాహ్నం భోజనాల తరువాత మొదలైన ఈ తిప్పడం, కొట్టడం చీకటి పడేదాకా సాగింది. ముల్లు కదలిక మిల్లీమీటరును నూరు భాగాలు చేస్తే అందులో రెండు, మూడు భాగాలకు మించకుండా వచ్చేదాకా ఆయన కదలలేదు. బండి నడిపితే చేతికి, కాలికి తెలిసే తేడా మొత్తం ఆ రెండు మూడు భాగాలదే. క్రాంకు వంకరగా ఉన్న జావా అరవై కిలోమీటర్ల వేగంలో ఫుట్‌రెస్టు నుంచి మోకాలిదాకా జలదరింపు పుట్టిస్తుంది. ఈ బండి ఆ వేగంలో మెత్తగా పోతోంది.

సిలిండరు పోత ఇనుముది. ఇంతకుముందు బోరింగు (లోపలి గోడను కోసి వెడల్పు చేయడం) చేయించిన ఆనవాళ్లున్నా మరో ఓవర్‌సైజు పిస్టన్‌కు చోటు మిగిలింది. బోరింగు పని పక్క సందులోని లేత్ షాపులో జరిగింది. సిలిండరు తిరిగి రాగానే మేస్త్రీ చేసిన పని నాకు బాగా గుర్తుండిపోయింది: లోపలికి వేలు పెట్టి, గాలి దారులు తెరుచుకునే అంచులన్నిటినీ ఒక్కొక్కటిగా తడిమి, లేత్ కుర్రవాడిని పిలిచి వెనక్కి ఇచ్చేశారు. కోత తరువాత ఆ అంచులు కత్తిలా పదునుగా ఉంటాయి, వాటిని సన్నగా వాల్చకపోతే పిస్టన్ రింగులు తగులుకుని విరుగుతాయి. రింగుల కొనలు తిరిగి ఆ దారుల్లోకి పోకుండా పిస్టన్ గాడిలో చిన్న పిన్నులు ఉండేది కూడా అందుకే. ఇంజిను బిగించాక రెండు ఎగ్జాస్టు దారులను, కార్బురేటర్ దారిని రబ్బరు బిళ్లలతో మూసి, ప్లగ్గు రంధ్రం గుండా చేతిపంపుతో కొద్దిపాటి గాలి ఎక్కించి, గేజి ముల్లు పడిపోతోందేమో చూశారు. పడిపోయింది. సబ్బు నీళ్లు పూస్తే క్రాంక్‌కేసు రెండు సగాలు కలిసే చోట, కిందివైపు, ఆవగింజంత బుడగలు వచ్చాయి. మళ్లీ మొత్తం విప్పారు. నేను అక్కడ లేకపోతే ఆ ఇంజిను అలాగే బండికెక్కేదా అన్న అనుమానం నాకు రాలేదు, ఎందుకంటే అంతకుముందు వారం మరొకరి ఇంజినుకు అదే పరీక్ష చేయడం చూశాను. ఏ షాపుకు వెళ్లినా ఈ ఒక్క పరీక్ష చేస్తారా అని అడగండి. అక్కర్లేదు, గ్యాస్కెట్ పేస్టు పూస్తాం అంటే బండి వెనక్కి తెచ్చుకోవచ్చు.

కార్బురేటర్ విషయంలో చిన్న వాదన జరిగింది. గోనెసంచిలో దొరికిన జికోవ్ కార్బురేటర్‌లో గాలి దారిని మూసి తెరిచే స్లైడు అరిగిపోయి, దాని పక్కల నుంచి గాలి దూరి, స్లోలో ఇంజిను నిలిచేది కాదు. రోజూ నడిపేట్టయితే తరువాతి కార్బురేటరే ఉంచడం మేలని ఆయన సలహా ఇచ్చారు, పాతదానిని శుభ్రం చేసి డబ్బాలో పెట్టి ఇస్తామన్నారు. చెడ్డ సలహా కాదు, నిజాయితీగా చెప్పినదే. కానీ మొదటి రూపానికి తేవడమే ఒప్పందం కనుక జికోవ్‌కే పట్టుబట్టాను. కొత్త స్లైడు తిప్పించి, గొట్టాన్ని సరిచేయించి పెట్టారు. వేసవిలో ట్రాఫిక్కులో ఆగినప్పుడు ఇప్పటికీ కాస్త అలుగుతుంది, దానికి షాపును అనను.

కరెంటు పనిలో వారి పట్టుదల నన్ను ఆశ్చర్యపరిచింది. 6 వోల్టుల వ్యవస్థను ఎవరూ ఇష్టపడరు. హెడ్‌లైటు వెలుగు మసకగా ఉంటుంది, బ్యాటరీ అన్ని షాపుల్లో దొరకదు, హారన్ గొంతు పీలగా వస్తుంది. ఎక్కువ మంది 12 వోల్టుల కిట్టు వేసేసి డైనమోను కాటాకు అమ్మేస్తారు. ఇక్కడ డైనమో లోపల తిరిగే ఆర్మేచర్‌ను మోటార్లకు వైండింగు చేసే ఒక పెద్దాయన దగ్గర తిరిగి చుట్టించి, కొత్త బ్రష్‌లు వేసి, రెగ్యులేటర్ కాంటాక్టులను సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది సరిచేశారు. ప్లగ్గుకు స్పార్కు అందించే పాయింట్లు, కండెన్సర్ కొత్తవి పడ్డాయి. హెడ్‌లైటు డోములో గుచ్చే పాతరకం ఇగ్నిషన్ కీ కూడా దాని చోటికి అది వచ్చింది. వైరింగు మొత్తం కొత్తగా అల్లినా, డోము లోపల మాత్రం ఇప్పటి రకం ప్లాస్టిక్ కనెక్టర్లు వాడారు. మూత తీస్తే తప్ప కనిపించవు కానీ, బోల్టు తల మీద మార్కు కోసం అంత ఆరాటపడిన మనిషి ఇక్కడ ఎందుకు సరిపెట్టుకున్నారో అర్థం కాలేదు. అడిగితే మళ్లీ ఎప్పుడైనా విప్పాల్సి వస్తే సులువుగా ఉంటుందన్నారు.

ఇప్పుడు ట్యాంకు సంగతికి వస్తాను, ఎందుకంటే నా ఫిర్యాదులన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. జావా ట్యాంకు అంటే రంగు, క్రోమ్ రెండూ కలిసిన వస్తువు. పక్కల క్రోమ్ పలకలు, వాటి మీద మోకాళ్లకు రబ్బర్లు, మిగతా అంతా ముదురు మెరూన్ రంగు, రెండూ కలిసే చోట బంగారు రంగు గీత. కనుక పని వరుస తప్పకూడదు. ముందు లోపలి తుప్పు వదిలించాలి, సొట్టలు తీయాలి, చిల్లులు పూడ్చి నీళ్లతో పరీక్షించాలి, తరువాత పాలిష్ పట్టి రాగి, నికెల్, క్రోమ్ పూతలు వేయించాలి, ఆ తరువాతే క్రోమ్ మిగలాల్సిన చోట టేపు అంటించి రంగు కొట్టాలి, చివర గీత గీయాలి. సొట్ట ఉన్న చోట పుట్టీ నింపి రంగు కొట్టడం కారులో చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. పుట్టీ మీద క్రోమ్ పట్టదు. టింకరింగు మనిషి ట్యాంకు అడుగు కోసి, లోపలి నుంచి సొట్టలు కొట్టి సమం చేసి, మళ్లీ అడుగును అతికించాడు. వెల్డింగు గీత ఎక్కడుందో వేలితో తడిమినా దొరకదు. ఇంత మంచి టింకరింగు నేను చూడలేదు.

ప్లేటింగు దగ్గర బండి నెలల తరబడి ఆగిపోయింది. పెట్రోలు వాసన పూర్తిగా పోని ట్యాంకును ప్లేటింగు తొట్టిలో వేయడానికి ఎవరూ ఒప్పుకోరు, ఊళ్లో చిన్న షాపులు ట్యాంకు లాంటి పెద్ద వస్తువు పట్టుకోవడమే మానేశాయి. చివరకు చెన్నై పంపించారు. తిరిగి వచ్చిన పలకల్లో ఒకదానిపై, రబ్బరు కింద దాగే చోటే అయినా, సూదిమొన అంత గుంటలు ఉన్నాయి. పాత పూతను యాసిడ్‌తో వదిలించేటప్పుడు తుప్పు తిన్న ఇనుము ఇలా బయటపడుతుంది, ఎవరి చేతుల్లోనూ పూర్తిగా లేని సంగతి. నాకు అభ్యంతరం గుంటల గురించి కాదు. ట్యాంకు చెన్నైలో ఉందన్న విషయం నేను ఫోను చేసి అడిగినప్పుడు తప్ప తెలియలేదు. అడిగిన ప్రతిసారీ "వచ్చే వారం వచ్చేస్తుందండి" అన్న మాటే వినిపించింది. ఇంజిను విప్పేటప్పుడు అడగకుండానే ఫొటోలు పంపిన షాపు, పని తమ చేతుల్లోంచి బయటికి వెళ్లగానే మూగబోయింది.

రంగు పసిగట్టిన తీరు మాత్రం మెచ్చుకోదగినది. టూల్ బాక్సు మూత లోపలివైపు ఎండ తగలని చోట అసలు మెరూన్ చెక్కుచెదరకుండా ఉంది. బజారులో దొరికే జావా మెరూన్ డబ్బా తెచ్చి కొట్టేయకుండా, ఆ మూతనే రంగుల షాపుకు తీసుకువెళ్లి, దానికి సరిపోయేదాకా కలిపించారు. రంగు సరిగ్గా కలిసింది. తరువాత దాని మీద ఇప్పటి కార్లకు వేసే క్లియర్ కోటు (రంగులేని మెరుపు పూత) దట్టంగా వేశారు. ఆనాటి ఎనామెల్ రంగుకు ఉండే మెరుపు లోతుగా, కాస్త మెత్తగా ఉంటుంది. ఈ బండి మడ్‌గార్డులో పైన తిరిగే ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. చూసిన పదిమందిలో తొమ్మిదిమంది ఆహా అంటారు. పదో మనిషి, పాత జావాలు ఎరిగినవాడు, ఎక్కడ చేయించారు అని అడుగుతాడు. మొదటి రూపం అన్న మాట మీద డబ్బు తీసుకున్నప్పుడు ఆ పదో మనిషి కోసమే పని చేయాలి. క్లియర్ కోటు వద్దని ముందే స్పష్టంగా అనుకున్నాం, అయినా రంగుల మనిషి అలవాటు కొద్దీ వేశాడట, తీసి మళ్లీ వేయాలంటే గీతలు కూడా పోతాయట. డబ్బు కొంత తగ్గించారు, నేనూ ఊరుకున్నాను.

ఆ గీతల గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. చాలా షాపులు స్టిక్కర్ టేపు అంటించి పంపిస్తాయి, వేసవి ఒకటి గడిచేసరికి కొసలు లేస్తాయి. ఇక్కడ సినిమా బ్యానర్లు, దుకాణాల బోర్డులు రాసి ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గిన ఒక పెద్దాయనను పిలిపించారు. పొడుగాటి వెంట్రుకల సన్నటి కుంచెను బంగారు రంగులో ముంచి, చిటికెన వేలిని ట్యాంకు అంచుకు ఆనించి, ఊపిరి బిగబట్టి, ట్యాంకు ముందు కొస నుంచి వెనకదాకా ఒకే లాగులో గీశారు. మడ్‌గార్డుల మీద గీతలు కూడా ఆయనవే. దగ్గరగా చూస్తే ఒకచోట సన్నగా, మరోచోట ఒక పోగంత లావుగా ఉంటుంది గీత. మైసూరు నుంచి వచ్చిన బండి మీద కూడా అలాగే ఉండేది. మొత్తం రంగు పనిలో నేను మనసారా మెచ్చినది అదొక్కటే.

మిగతావి క్లుప్తంగా చెప్పవచ్చు. 16 అంగుళాల చక్రాలకు పాత రిమ్ములే క్రోమ్ చేయించి కొత్త స్పోకులు అల్లారు, చక్రం పక్కకు ఆడటం లేదు. బ్రేకు లైనర్లు కొత్తవి. డ్రమ్ము బ్రేకులు ఎంత పట్టాలో అంతే పడతాయి. వెనక చైను మొత్తాన్ని మూసి ఉంచే కవరుకు, ఇంజినుకు మధ్య ఉండే రబ్బరు గొట్టాలు చెక్ దేశంలో ఇప్పటికీ తయారవుతాయి, అక్కడి నుంచి తెప్పించారు, అమరికలో లోపం లేదు. సీటు కవరు కుట్టు అంచు మాత్రం అసలుదానికంటే లావుగా వచ్చింది. సైలెన్సర్లు పాత నమూనా చూసి కొత్తగా చేయించినవి. ఆకారం బాగుంది, రేకు పలచన, అందువల్ల చప్పుడులో జావాకుండే ఆ మంద్రమైన డుగ్గు డుగ్గు కొంచెం తేలిపోయింది. అసలు సైలెన్సర్లు దొరికేదాకా ఇవే ఉంటాయి.

ఖర్చు విషయానికి వస్తే, మొదట ఇచ్చిన అంచనా లక్షా పాతికవేలు, చివరకు అయినది లక్షా ఎనభైవేల పైచిలుకు. పెరిగినదంతా దాదాపు ప్లేటింగు, దిగుమతి సామాను దగ్గరే. ఆ రెంటినీ అంచనాలో చేర్చకుండా "అయినదాన్ని బట్టి" అని రాయడం ఈ వర్క్‌షాపు అలవాటు. లోపలి పని కూలి మాత్రం చెప్పినదానికి పైసా దాటలేదు. కొన్న ప్రతి సామాను బిల్లు, మార్చిన ప్రతి పాత సామాను సంచిలో కట్టి ఇచ్చారు. అడిగితే ఇచ్చేవారు కొందరుంటారు, అడగకుండా ఇచ్చినవారిని నేను ఇక్కడే చూశాను. గడువు సంగతి మొదటే చెప్పాను. పెళ్లికో పండుగకో బండి కావాలనుకునేవారు ఇక్కడికి రావద్దు.

కాగితాల పనిలో షాపు సాయం చేయదు కానీ, వారి పనితీరు ఆ పనిని తేలిక చేస్తుంది. 2021 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించి, మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్ వాహనాలుగా గుర్తించే పద్ధతి తెచ్చింది. ఛాసిస్, బాడీ, ఇంజిను పెద్దగా మార్చకుండా మొదటి రూపంలో ఉంచినవాటికే అది వర్తిస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల చెల్లుబాటు, ఆ తరువాత మళ్లీ రిజిస్టర్ చేయించడానికి 5,000. నంబరులో రాష్ట్ర అక్షరాల తరువాత వీఏ అని వస్తుంది. అయితే ఈ నంబరు మీద బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతు వంటివాటికే అనుమతి. నడిపే ఉద్దేశం ఉన్నవారు మామూలు ఆర్సీనే ఫిట్‌నెస్ పరీక్షతో ఐదేళ్లకోసారి పొడిగించుకోవడం మంచిది. నేను అదే చేశాను. తనిఖీలో నంబర్లు చదివించేటప్పుడు ఏ తడబాటూ రాలేదు, ఎందుకంటే ఛాసిస్ మీద నంబరు ఉన్న చోట రంగు పలచగా కొట్టి అక్షరాలు పూడుకుపోకుండా చూశారు. దట్టంగా పట్టే పౌడర్ కోటింగు వేసిన బండ్లకు ఇక్కడే తలనొప్పి వస్తుంది.

బండి అప్పగించేటప్పుడు ఒక కాగితం మీద సూచనలు రాసిచ్చారు. మొదటి వెయ్యి కిలోమీటర్లు లీటరు పెట్రోలుకు 50 మి.లీ. ఆయిల్, ఆ తరువాత 40. యాభై వేగం దాటవద్దు. దిగుడులో థ్రాటిల్ పూర్తిగా మూసి ఎక్కువసేపు దిగవద్దు, ఎందుకంటే పెట్రోలు రానప్పుడు దానితో వచ్చే ఆయిల్ కూడా రాదు. 500 కిలోమీటర్ల దగ్గర హెడ్డు నట్లు బిగించి, పాయింట్ల గ్యాపు చూసి, కార్బురేటర్ సరిచేసి పంపారు, దానికి డబ్బు తీసుకోలేదు. అప్పుడే పెట్రోలు ట్యాప్ దగ్గర తడి కనిపిస్తోందని చెబితే కార్కు మార్చారు, అది మళ్లీ కారుతోంది. మామయ్యకు ఇప్పుడు మోకాళ్లు సహకరించక కిక్ కొట్టలేరు, వెనక కూర్చుని గేర్లు ఎప్పుడు మార్చాలో నాకు చెబుతారు. ఇంకో జావా ఉంటే దానిని కూడా ఇక్కడికే పంపిస్తాను. కాకపోతే రంగు పనిని వేరేచోట చేయించి, ట్యాంకును నేనే చెన్నై తీసుకువెళతాను.